ఇరవై ఆరు నిమిషాల మౌనం

మొయినుద్దీన్ జనవరి చివరి మంగళవారం, మొదటి గంట కొట్టకముందే, స్టాఫ్ రూములో చనిపోయాడు. చాక్‌పీసుల డబ్బా మూత తీస్తున్నాడు. మూత ఊడి కింద పడింది, డబ్బా చేతిలోనే ఉంది, మనిషి కుర్చీలో పక్కకు ఒరిగాడు. సిరిసిల్ల ఆసుపత్రిలో డాక్టరు నన్ను, "మీరేమైతరు?" అని అడిగాడు.

"పక్క క్లాసు," అన్నాను. ఆ క్షణంలో నాకు తోచిన బంధుత్వం అదే.

మేమిద్దరం ఆరేళ్లు సిరిసిల్లలో ఒకే గదిలో అద్దెకున్నాం. ఆయన గణితం, నేను తెలుగు. ఆయన ఇల్లు కోరుట్ల, నాది జగిత్యాల. శనివారం సాయంత్రం వేములవాడ దాకా ఒకే బస్సు. అక్కడ దిగి ఆయన కోరుట్ల బస్సెక్కేవాడు, నేను కొడిమ్యాల మీదుగా ఇంటికి పోయేవాణ్ని. సోమవారం పొద్దున మళ్లీ వేములవాడలోనే కలిసేవాళ్లం. ఆయన పోయిన రెండో రోజు పదో తరగతి గణితం పీరియడుకు నన్ను పంపారు. తెలుగు చెప్పాను. 

సంతాప సభ పెట్టాలన్నది ప్రభాకర్ రావు గారి నిర్ణయం. ఆయన రిటైరైన హెడ్మాస్టరు, మా ఉపాధ్యాయ సంఘానికి పద్నాలుగేళ్లుగా అధ్యక్షులు. ఫిబ్రవరి రెండో శనివారం, జగిత్యాలలో ఒక శిక్షణ కేంద్రం సమావేశ మందిరంలో అని నిశ్చయించారు. మొయినుద్దీన్ పాత సహోద్యోగులు ఎక్కువమంది ఈ వైపువాళ్లే. కానీ పదో తరగతి పిల్లలను పరీక్షల ముందు సిరిసిల్ల నుంచి కదిలించలేం. ఇక ఆయన భార్య కౌసర్ ఇద్దత్‌లో ఉంది. భర్త పోయిన తర్వాత నాలుగు నెలల పది రోజులు ఆమె గడప దాటదు.

సభ సంగతి చెప్పడానికి కోరుట్ల పోయాను. మొయినుద్దీన్ తల్లి జోహరా బీ నన్ను వరండాలో కూర్చోబెట్టింది. ఎనభై దాటిన మనిషి. కౌసర్ తలుపు పరదా వెనక నుంచి మాట్లాడింది.

"భాయ్‌సాబ్, ఒక్కటడుగుత. మీరు పక్క క్లాసుల ఉండేటోళ్లు. ఆయన క్లాసుల ఎట్ల మాట్లాడేటోడు?"

"గట్లెందుకు అడుగుతున్నరు భాభీ?"

"ఇరవై నాలుగేండ్ల సంసారం. ఇంట్ల ఆయన మాట్లాడినయన్ని జమచేస్తే ఒక్క క్యాసెట్టు నిండదు. చాయ్ కావాల్నంటే కప్పు దిక్కు చూసేటోడు. గంత నిమ్మళపు మనిషి నలభై మంది పిల్లలకు లెక్కలెట్ల చెప్పిండో నాకు సమజ్ కాదు."

"చిన్నప్పుడు గూడ గంతే," అంది జోహరా బీ. "వీడు మూగోడేమోనని దర్గాకు తీస్కపోయిన. ముజావర్ పేరడిగితే చెప్పిండు. మళ్ల ఇంటికొచ్చేదాక మాట్లాడలే."

"మీరు సభల గది చెప్పుండ్రి భాయ్‌సాబ్," అంది కౌసర్. "నేనెట్లనన్న వింట. నాకు గదొక్కటే కావాలె."

 మొయినుద్దీన్ పాఠం మొదలైతే నేను మా క్లాసు కిటికీలు మూయించేవాణ్ని. ఆ మనిషి గురించి వరండాలో రెండు ముక్కల్లో చెప్పలేను.

"సభల చెప్త భాభీ. మొత్తం చెప్త," అన్నాను.

మూడు ఊళ్లనూ వీడియోలో కలిపే పని శ్రీహరి మీద పడింది. శిక్షణ కేంద్రంలో పన్నెండేళ్లుగా ఆయనే కంప్యూటర్ ఆపరేటరు. సమావేశ మందిరంలో గోడకు పెద్ద టీవీ, దాని నెత్తిన ఒక కెమెరా, బల్ల మీద అప్పడమంత గుండ్రటి మైకు, కింద ఒక నల్ల డబ్బా ఉన్నాయి. కోరుట్లలో మొయినుద్దీన్ ప్రశ్నపత్రాలు కొట్టుకున్న కంప్యూటరుంది. సిరిసిల్లలో బడి ల్యాబులో కంప్యూటరుంది. వీటిని ఆ డబ్బాకు కలపాలి.

"కలుస్తదా?" అని అడిగాను.

"పెద్ద బస్టాండ్లకు ఆటోను రానియ్యరు గదా సార్. గీ డబ్బ గూడ గంతే. దానసొంటి డబ్బ పిలిస్తేనే పలుకుతది. మన కంప్యూటర్లు ఆటోలు."

"మరెట్ల?"

"నడుమ ఒకడు నిలవడాలె. ఆటో దిగినోని చెయ్యి పట్కొని బస్సెక్కియ్యాలె. గసొంటి జాగ నెట్టుల ఉన్నది. దాని నంబరు ఈ డబ్బకు రిమోట్ తోని కొట్టాలె. పదమూడంకెలు."

రిమోట్‌లో ఏడు నొక్కితే రెండు ఏడులు పడేవి. పదమూడు అంకెల్లో ఏడు మూడుచోట్ల ఉంది. శ్రీహరి ఏడు దగ్గరికి రాగానే ఊపిరి బిగబట్టేవాడు, నేనూ బిగబట్టేవాణ్ని. మూడు సాయంత్రాలు అట్లా గడిచాయి. గురువారం నాడు టీవీ మీద సిరిసిల్ల ల్యాబు వెలిగింది. మా వ్యాయామ ఉపాధ్యాయుడు పరశురాములు కెమెరాకు ఎదురుగా నిటారుగా, అటెన్షన్‌లో నిలబడి ఉన్నాడు.

"వినవడుతున్నదా?" అన్నాడు శ్రీహరి.

రెండు క్షణాల తర్వాత పరశురాములు మైదానంలో అరిచినట్టు అరిచాడు. "వినవడుతున్నది సార్. నేనింక ఎంత సేపు నిలవడాలె?"

"కూసోండ్రి సార్. ఇది పరేడ్ గాదు."

"అధ్యక్షులవారు వచ్చినంక కూసుంట," అన్నాడు. అప్పుడు ఆ మాటను మేమెవరం పట్టించుకోలేదు.

శుక్రవారం కోరుట్ల పోయి మొయినుద్దీన్ కంప్యూటరు మీది గుడ్డ తీశాం. శ్రీహరి వైర్లు పెట్టాడు. జోహరా బీ తెరకు పైన ఉన్న చిన్న కెమెరాను చాలాసేపు చూసి, లోపలికి వెళ్లి దెబ్బలకు అంటించే ప్లాస్టరు తెచ్చి దాని మీద అతికించింది.

"అది బంద్ ఉన్నది అమ్మా," అన్నాడు శ్రీహరి. "మీరు ఎవ్వలకు కనవడరు."

"కన్ను తెరిచే ఉన్నది గదా బేటా."

"తెరిచి ఉన్నా చూడదు."

"మా ఆయన గూడ గట్లనే చెప్పేటోడు," అని ఆమె రెండో ప్లాస్టరు కూడా వేసింది.

నేను ఒక్కటే జాగ్రత్త చెప్పాను. "రేపు మేము కలుపుతం. మీరు చూసుడు, వినుడు. ఏం జరిగినా దేన్ని ముట్టుకోకుండ్రి." జోహరా బీ ఆ మాటను తన భాషలో పరదా వెనక్కి గట్టిగా అందించింది. పక్కింటి పిల్లలు కూడా గుమ్మం నుంచి రెండడుగులు వెనక్కి జరిగారు.

శనివారం పదిన్నరకు ప్రభాకర్ రావు గారు టెంట్ హౌస్ నుంచి మైకు సెట్టుతో సహా దిగారు. శ్రీహరి ముఖం మారిపోయింది.

"సార్, బల్ల మీద మైకున్నది. ఇంకో మైకు వెడితే రెండు కొట్లాడుకుంటయి."

"మైకు లేని సభ నేను చెయ్యలేదోయ్," అన్నారు ప్రభాకర్ రావు గారు. "జనం మనల్ని చూసి చిట్టీల మీటింగ్ అనుకుంటరు."

పెట్టి చూశారు. రెండు మైకులూ ఒకదాని గొంతు ఒకటి విని కూతపెట్టాయి. సిరిసిల్లలో ముప్ఫై ఏడు మంది పిల్లలు ఒకేసారి చెవులు మూసుకోవడం టీవీలో కనిపించింది. చివరికి రాజీ కుదిరింది. స్పీకరు పెట్టెలు బయటికి పోయాయి. మైకు మాత్రం, వైరు లేకుండా, ప్రభాకర్ రావు గారి చేతిలో ఉండిపోయింది. ఖాళీ చేతితో ఆయనకు మాట రాదు.

పదకొండు కావస్తుండగా శ్రీహరి మూడు ఏడులనూ దాటి నంబరు కొట్టాడు. టీవీ మీద రెండు గడులు వచ్చాయి. ఒకదానిలో సిరిసిల్ల పిల్లలు, గోల రాకుండా వాళ్ల మైకు శ్రీహరి ముందే బంద్ పెట్టించాడు. రెండోది నల్లగా ఉంది, కింద 'మొయినుద్దీన్' అని పేరుంది. కంప్యూటరు ఆయనది, కాబట్టి ఆయన పేరే వస్తుంది. హాల్లోని యాభై మందీ దాన్ని చూశారు. 

ప్రభాకర్ రావు గారు గొంతు సవరించుకున్నారు. సభ కోసం అచ్చు వేయించిన ఫ్లెక్సీ ఇంకా చుట్టే ఉంది. మొయినుద్దీన్ ఫొటో, కింద పేరు, తేదీ. దండ వద్దని, వాళ్ల ఇంట్లో ఆ అలవాటు లేదని నేను ముందే చెప్పాను.

"ఫ్లెక్సీ ఇగో, గీ టీవీ మీదికెళ్లి కట్టుండ్రి," అన్నారు. "కెమెరాకు అడ్డం రాకుంట. మనం వాళ్లకు కనవడితే సాలు."

ఆ నల్ల గడిని చూస్తూ సభ చెయ్యడం ఆయన వల్ల కాదని నాకు అర్థమైంది. నా వల్ల కూడా కాదు. తాడు రెండో కొస నేనే పట్టుకున్నాను.

అందరి ఫోన్లూ ఆపించారు. శ్రీహరి తన మూల కుర్చీలోకి పోబోతుంటే ప్రభాకర్ రావు గారు చెయ్యి పట్టి వేదిక మీదికి లాగారు. శాలువా ఉందన్నారు.

"సంతాప సభల శాలువా ఏంది సార్?" అని మెల్లగా అడిగాను.

"గింత కష్టపడ్డ మనిషిని ఉత్తగ పంపుదమా?" అన్నారు. అట్లా శ్రీహరి వేదిక మీద, ఫ్లెక్సీకి వీపు పెట్టి, శాలువా కోసం కూర్చున్నాడు.

"ముందుగా రెండు నిమిషాలు మౌనం," అన్నారు ప్రభాకర్ రావు గారు. అందరం లేచాం. ఆయన మైకు గుండెకు ఆనించుకుని కళ్లు మూసుకున్నారు.

ఆ గదికి కిటికీలు లేవు. ఏసీ మాత్రం రైసు మిల్లులా మోగుతోంది. కౌసర్ వింటోంది కదా, ఆమెకు ఈ రొద వినిపిస్తుందే అనుకున్నాను. మౌనం సరిగా ఉండాలనిపించింది. చప్పుడు కాకుండా నా చోటు నుంచి కదిలి, తలుపు పక్కనున్న బోర్డు దగ్గరికి వెళ్లి, ఏసీ స్విచ్ ఆపాను. గదిలో నిజమైన నిశ్శబ్దం దిగింది. రెండు నిమిషాలు అక్కడే నిలబడి, తిరిగి స్విచ్ వేసి వచ్చాను.

తర్వాత ప్రభాకర్ రావు గారు మొయినుద్దీన్ సౌమ్యత గురించి తొమ్మిది నిమిషాలు మాట్లాడారు. మెట్‌పల్లి నుంచి వచ్చిన ఒక పాత సహోద్యోగి, మొయినుద్దీన్ ఎంత తక్కువ మాట్లాడేవాడో చాలాసేపు చెప్పాడు. శ్రీహరికి శాలువా కప్పారు. అప్పుడు నన్ను పిలిచారు.

నేను రెండు పేజీలు రాసుకొచ్చాను. జేబులోంచి తియ్యలేదు. బల్ల మీది గుండ్రటి మైకు దగ్గరికి వంగి మొదలుపెట్టాను.

"మొయినుద్దీన్ తండ్రి మెట్‌పల్లి మార్కెట్‌ల పసుపు బస్తాలు తూకం వేసేటోడు. మొయినుద్దీన్ చిన్నప్పుడు ఆ వేలంపాటలు విని పెరిగిండు. ఇంట్ల ఎన్నడు పాడలేదట. క్లాసుల పాడిండు. లెక్క బోర్డు మీద రాసి, చాక్‌పీసు చెవుల పెట్టుకొని, జవాబులకు వేలం పెట్టేటోడు. ఒకడు పద్దెనిమిదంటడు. అప్పుడు ఈ మనిషి బల్ల ఎక్కుతడు."

నేను బల్ల ఎక్కలేదు గానీ నిటారుగా నిలబడ్డాను. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో తరగతిలో కూడా గొంతెత్తి ఎరగను. ఆ రోజు ఎత్తాను.

"పద్దెనిమిదీ ఒకటోసారి. పద్దెనిమిదీ రెండోసారి. సేటు దగ్గర సరుకు పచ్చగున్నది, వాసనొస్తున్నది, ఇంకెవరన్న ఉన్నరా. కిటికీకాడి సేటమ్మ ఇరవై నాలుగంటున్నది. ఇరవై నాలుగూ ఒకటోసారి."

హాల్లో ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. ప్రభాకర్ రావు గారు మొదట కనుబొమలు ముడిచి, ఆ తర్వాత వైరు లేని మైకుతో బల్ల మీద తాళం వేశారు.

"పాట ఆగినంకనే లెక్క చేసి చూపేటోడు. ఎవ్వన్ని 'తప్పు' అనలేదు. 'నీ సరుకు ఖరాబు లేదు సేటూ, మార్కెట్టు వేరేది. నీ జవాబు ఏ లెక్కకు సరిపోతదో రేపు పట్కరా' అనేటోడు. ఆ పిల్లగాడు తెల్లారి ఒక కొత్త లెక్క తయారుచేసుకొని వచ్చేటోడు. గట్ల మా బడిల తప్పు జవాబుల లెక్కలే రెండు నోటుబుక్కులున్నయి." కాస్త ఆగి, మైకుకు ఇంకా దగ్గరగా జరిగాను. "భాభీ, మీ ఇంట్ల చాయ్ కోసం కప్పు దిక్కు చూసిన మనిషి ఈయననే. సోమవారం నుంచి శనివారం దాక గొంతు మొత్తం మా దగ్గర ఖర్చు పెట్టి, మీ దగ్గరికి ఒట్టి చేతుల వచ్చేటోడు. మీకేం మిగల్చనందుకు మా బడి తరఫున నేను క్షమాపణ అడుగుతున్న."

కూర్చున్నాను.  ఇచ్చిన మాట నిలుపుకున్నాననే తృప్తి కలిగింది.

చాయ్ వచ్చింది. ఫోన్లు తెరిచాం. నా ఫోనులో పరశురాములు నుంచి పద్నాలుగు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. చేశాను.

"నమస్తే సార్. పిల్లల్ని కూసోమంటరా?"

"ఎందుకు, నిలవడ్డరా?"

"మౌనం ఇంక నడుస్తనే ఉన్నది గదా."

"ఏం మౌనం?"

"ప్రభాకర్ రావు సార్ కండ్లు మూసుకొనే ఉన్నడు. అధ్యక్షుడు కండ్లు తెరవకముందు మేమెట్ల కూసుంటం? మీ జాగైతే ఖాళీ ఉన్నది. మీరు దుఃఖం ఆపుకోలేక బయటికి పోయిండ్రని పిల్లలకు చెప్పిన. ఆడివిల్లలు ఏడుస్తున్నరు. నలుగురైదుగురు కొంగలోలె ఒంటి కాలు మీద ఉన్నరు."

నేను శ్రీహరి వైపు చూశాను. ఆయన శాలువాతోనే లేచి, ఫ్లెక్సీ అంచు ఎత్తి, టీవీ చూసి, తిరిగి దించేశాడు.

"ఏసీ బోర్డు ఎవరన్న బంద్ చేసిండ్రా?" అని అడిగాడు.

తరగతిలో పిల్లవాడిలా చెయ్యెత్తాను.

"నెట్టు డబ్బ గూడ గా స్విచ్చు మీదనే ఉన్నది సార్. ఒక్కసారి తెగితే మళ్ల నంబరు కొట్టాలె. మన లైను తెగితే అవతలోళ్లకు ఆఖరి బొమ్మ గట్లనే నిలిచిపోతది. చప్పుడుండదు."

"మరి కోరుట్ల?"

"వాళ్లకు గూడ గంతే."

"రికార్డన్నా అయ్యిందా?"

"రికార్డయ్యేది గూడ నెట్టులనే సార్."

పరశురాములుకు పిల్లల్ని కూర్చోబెట్టమని చెప్పాను. ఆయన విజిల్ వేయడం ఫోనులో వినిపించింది. ఆ వెంటే ముప్ఫై ఏడు మంది నేల మీద కూలబడిన చప్పుడు.

మధ్యాహ్నం బస్సుకే కోరుట్ల పోయాను. దారి పొడుగునా ఒక వాక్యం సిద్ధం చేసుకున్నాను. 'లైను తెగింది భాభీ, మళ్లీ చెప్త.' అందులో అనవసరమైన మాట ఒక్కటీ లేదు.

జోహరా బీ గుమ్మంలోనే నా రెండు చేతులూ పట్టుకుంది. "ఇరవై ఆరు నిమిషాలు బేటా. గోడ గడియారం చూసుకుంట కూసున్న. మీ దిక్కు ఒక్క మనిషి మెసలలే. నాకు దగ్గొస్తే గూడ దగ్గలే. నువ్వు ముట్టొద్దన్నవుగని దగ్గొద్దనలేదు, అయినా దగ్గలే."

పరదా వెనక కౌసర్ గొంతు బొంగురుపోయి ఉంది.

"భాయ్‌సాబ్, పెద్ద పెద్దోళ్లకు గూడ రెండు నిమిషాలే నిలవడతరు. ఆయనకు చప్పుడంటే పడకపోయేది. మీరందరు గది యాదుంచుకున్నరు. ఒక్కలు గూడ భాషణం చెయ్యలే."

"భాభీ," అన్నాను.

"మీ జాగ ఖాళీ ఉండుడు చూసిన. చెప్తనన్నది చెప్పలేకపోయిండ్రు, సమజైంది. నాకింక చెప్పవల్సిన పని లేదు. ఆ సిరిసిల్ల పిల్లలను చూసిన గదా. గంత సేపు ఉలుకు పలుకు లేకుంట నిలవడ్డరంటే, క్లాసుల గూడ ఆయన గంత నిమ్మళంగనే ఉన్నడన్నట్టు. ఆయన నేర్పిందే వాళ్లకొచ్చింది. ఇన్నేండ్లకు నాకు మనసు కుదురుకున్నది."

జోహరా బీ చాయ్ తెచ్చింది. సిద్ధం చేసుకున్న వాక్యం నోటి దాకా వచ్చింది. చాయ్ కప్పు ఎత్తి దానికి అడ్డం పెట్టుకున్నాను.

"చాయ్ మంచిగున్నది," అన్నాను.

"ఆయన గూడ గంతే అనేటోడు," అంది కౌసర్. "గది గూడ పండుగనాడు."

శ్రీహరి ఆ సాయంత్రం ఫోన్ చేసి, ఇంకోసారి నంబరు కొట్టమంటారా, ఈసారి ఏసీ తీగ వేరే బోర్డుకు మార్పిస్తానన్నాడు. చూద్దామన్నాను. అప్పటి నుంచి రెండుసార్లు కోరుట్ల పోయాను. రెండుసార్లూ ఆమె ఇరవై ఆరు నిమిషాల సంగతే చెప్పింది, చూడవచ్చిన చుట్టాలకూ చెబుతోందట. ఇద్దత్ జూన్ మొదటి వారంలో ముగుస్తుంది. మొయినుద్దీన్ క్లాసులో ఎట్లా మాట్లాడేవాడో నేను కౌసర్‌కు ఇంకా చెప్పలేదు.